అవుసలి బిడ్డ చెవులు

మా నాయన మనుషులను ముఖం చూసి గుర్తుపట్టేవాడు కాదు, చెవులు చూసి గుర్తుపట్టేవాడు. తాండూరు బజారులో ఎవరైనా ఎదురుపడి "నమస్తే అన్నా, మంచిగున్నవా?" అంటే ముందుగా ఆయన చూపు వాళ్ల చెవి మీదకు పోయేది. అక్కడ తాను కుట్టిన బెజ్జం కనబడితే ముఖం విప్పారేది. కనబడకపోతే మర్యాదకు ఒక నవ్వు నవ్వి, ఇంటికొచ్చాక "గాయన ఎవరో తెల్వలే" అనేవాడు. ఒకసారి కొడంగల్ పోయే బస్సులో ముందు సీట్లో ఉన్న పెద్దామె వైపు వంగి, "నువ్వు బొంరాస్‌పేట పిల్లవు గద? కుట్టిన్నాడు నా బొటనేలు కొరికినవ్" అన్నాడు. ఆమె పక్కన భర్త ఉన్నాడు, ఒళ్లో మనవడున్నాడు. మా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ మనిషెవరో నాకు తెలియదన్నట్టు కూర్చుంది. ఆ పెద్దామె మాత్రం చెవి తడుముకుని, "అవ్ నిజమే. మీ ఏలు ఉప్పగుండె" అంది. బస్సు బస్సంతా నవ్వింది.

మా నాయన పోయి రెండేళ్లు దాటింది. ఆయన గురించి రాయాలని కూర్చుంటే ఏడుపు రావాలి కదా, నాకేమో ఆ ఉప్పగా ఉన్న వేలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. సరే, నవ్వుతూనే రాస్తాను. అవుసలిగా ఆయన చేసిన బంగారు నగల గురించి చెప్పడానికి తాండూరు చుట్టూ బోలెడంతమంది ఉన్నారు. నేను చెప్పేది ఆయన చేతకాని ఒకే ఒక్క పని గురించి. ఊరి పిల్లలందరికీ చెవులు కుట్టిన అవుసలి, కన్నబిడ్డకు మాత్రం కుట్టలేకపోయాడు. ఆ బిడ్డను నేనే.

మా ఇంటి ముందు గదే ఆయన దుకాణం. తాండూరులో నాపరాయికేం కొదవ? కానీ ఆ గదికి పరిచే రాళ్లను ఆయన తానే గనికి పోయి ఏరి తెచ్చాడు. రాయికీ రాయికీ మధ్య సందు ఉండకూడదు, సందులో బంగారపు పొడి పడితే ఇక దొరకదు. ఆ గదిలో చీపురు పట్టే హక్కు మా అమ్మకొక్కదానికే ఉండేది. ఊడ్చిన చెత్తను పారేయకుండా డబ్బాలో దాచేవాళ్లం. ఆ చెత్తను కడిగి బంగారం తీసేవాళ్లు అప్పుడప్పుడూ వచ్చేవాళ్లు. గదిలోకి ఎట్లాగైనా రావచ్చు, పోయేటప్పుడు మాత్రం గడప దగ్గరి గంగాళంలో కాళ్లు కడుక్కుని పోవాలి. ఆ నీళ్లు కూడా పారబోసేది లేదు.

నా పెళ్లయిన కొత్తలో మా ఆయన వికారాబాద్ నుంచి మొదటిసారి అత్తారింటికి వచ్చాడు. మామతో ముందు గదిలో కూర్చుని మాట్లాడి, భోజనానికి లేచేసరికి మా నాయన చెంబుతో నీళ్లు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అల్లుడికి ఎంత మర్యాద అనుకున్నాడో ఏమో, మా ఆయన కళ్లు చెమర్చాయి. పెళ్లిపీటల మీద కూర్చున్న వరుడిలా ప్యాంటు పైకి మడిచి, కాళ్లు జోడించి గంగాళంలో పెట్టి, "మల్ల ఎందుకు మామా, లగ్గంల కడిగిన్రు గద" అన్నాడు. మా నాయనకు అబద్ధం రాదు.

"మర్యాదకు గాదు అల్లుడా. నీ అరికాళ్లకు నా బంగారం అంటింది. జర గట్టిగ రుద్దు," అన్నాడు.

లోపల వంటింట్లో నేనూ మా అమ్మా ఒకరి నోరొకరం మూసుకున్నాం. మా ఆయన ఈ కథ వికారాబాద్‌లో చెప్పని మనిషి లేడు.

ఇక చెవులు కుట్టడం మా నాయనకు పండగే. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు, నోట్లో బెల్లం ముక్క పెడతారు. అత్తలూ చిన్నమ్మలూ చుట్టూ చేరి పిల్ల కంటే ముందే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నాయన సన్నటి బంగారు తీగ కొనను ఆకురాయి మీద నూరి, కుంకుమతో రెండు చెవులకూ చుక్కలు పెట్టి, వెనక్కి జరిగి అవి సమంగా ఉన్నాయో లేదో ఒక కన్ను మూసి చూసుకునేవాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి "అయిపాయె, ఇగ లే!" అని అరిచేవాడు. పిల్ల నిజమే అనుకుని బిగించిన ఒళ్లు వదిలేది. అప్పుడు కుట్టేవాడు. పిల్ల గుక్క తిప్పుకుని రాగం అందుకునేలోపు రెండో చెవి కూడా అయిపోయేది. ఆ ఏడుపు వింటూ ఆయన హాయిగా చాయ్ తాగేవాడు. "ఏం గుండెనయ్యా నీది" అని ఏ అమ్మమ్మో కోప్పడితే, "ఏడ్వనియ్ అవ్వా. ఏడ్చెటోళ్లకు నొప్పి బయటికి పోతది, ఫికర్ లేదు" అనేవాడు.

అటువంటి మనిషికి కూతురు పుట్టింది. చెవులు కుట్టే రోజు వచ్చింది. అప్పటికి నాకు ఏడాది కూడా నిండలేదు కాబట్టి ఇదంతా మా అమ్మా, మా మేనమామా చెప్పగా విన్నదే. మా మేనమామ అంటే అమ్మ తమ్ముడు, కన్నడ సరిహద్దున బషీరాబాద్‌లో ఉంటాడు. సంతోషమైతే తెలుగులో, కష్టమైతే కన్నడంలో మాట్లాడతాడు. వాళ్లిద్దరి కథల్లో వంటలు వేరు, వచ్చిన చుట్టాలు వేరు. అసలు సంగతి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

నేను మామ ఒళ్లో ఉన్నాను. నాయన చుక్కలు పెట్టాడు, వెనక్కి జరిగి చూసుకున్నాడు, "అయిపాయె, ఇగ లే!" అని అరిచాడు. నేను పళ్లు లేని నోరు తెరిచి పకపకా నవ్వాను. నాయన తీగ పట్టుకుని దగ్గరికొచ్చేసరికి ఆయన ముక్కు పట్టుకుని ఇంకా నవ్వాను. ఆయన వెనక్కి పోయాడు, మళ్లీ వచ్చాడు, మళ్లీ అరిచాడు. నేను ఇదేదో నాకోసం కనిపెట్టిన ఆట అనుకుని మామ ఒళ్లో ఎగిరెగిరి నవ్వాను. చుట్టాలంతా నవ్వుతున్నారు. నాయన ఒక్కడే నవ్వడం లేదు. తీగను మామ చేతిలో పెట్టి, "జర పట్టుకో బామ్మర్ది, ఇప్పుడే వస్త" అని చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పోయాడు.

ఇప్పుడే వస్తానన్న మనిషి నేరుగా టేసన్‌కు పోయి, అక్కడ ఆగి ఉన్న రైలెక్కాడు. వికారాబాద్‌లో దిగాడు. ఇక్కడ మంచి గడియ దాటిపోతోందని పెద్దవాళ్లు తొందరపెట్టారు. చివరికి పక్క సందులోని ముసలి అవుసలిని పిలుచుకొచ్చారు. ఆయన కళ్లద్దాలు సోడాసీసా అడుగంత మందం. ఎడమచెవి బాగానే కుట్టాడు. కుడిచెవి దగ్గరికొచ్చేసరికి నేను ఊరు అదిరేటట్టు ఏడుస్తూ తల తిప్పాను, బెజ్జం బాగా కిందికి, అంచుకు దగ్గరగా పడింది.

సాయంత్రం నాయన అనంతగిరి సీతాఫలాలు ఒక గంపెడు పట్టుకుని, ఏమీ జరగనట్టు ఇంటికొచ్చాడు. నన్ను ఎత్తుకున్నాడు. ముందు చెవులే చూశాడు.

"గిదేందే, ఒకటి కిందికుంది?"

"నువ్వుంటివి గద సమంగ కుట్టనీకి!" అంది మా అమ్మ.

ఆ ఒక్క మాట మా అమ్మకు జీవితాంతం అన్నం పెట్టింది. పప్పులో ఉప్పెక్కువైందంటే అదే జవాబు, గోడ వంకర కట్టారంటే అదే జవాబు. నాయన నోరు మూసుకుని తినేవాడు.

ఊళ్లోవాళ్లు కూడా తక్కువేం కాదు. "ఊరి చెవులకు సూరుడు, ఇంటి చెవుకు పరారు" అని ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లతోపాటు ఆయనా నవ్వేవాడు. కానీ బువ్వ తింటూ తింటూ చెయ్యి ఆపి నా కుడిచెవి వైపు చూడటం నేను చాలాసార్లు గమనించాను. పదో తరగతి చదివే రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఎందుకు పారిపోయావు నాయినా అని. ఆయన ఊదుగొట్టం పక్కన పెట్టి, "ఏడ్చెటోళ్లకు కుడ్తం బిడ్డా. నవ్వెటోళ్లకు ఎట్ల కుడ్తం?" అన్నాడు. నేను లేచి ఆయనకు చాయ్ తెచ్చిచ్చాను.

కుట్టలేకపోయినందుకు ఆయన కట్టిన పరిహారం ఒకటుంది. నాకు చేసిన ఏ జతా జత కాదు. కుడిచెవి బెజ్జం కిందికుంది కాబట్టి, బుట్టలు చేస్తే కుడి బుట్ట కొక్కెం పొట్టిగా, ఎడమది పొడుగ్గా చేసేవాడు. దుద్దులు చేస్తే కుడిదాని కాడను మధ్యలో కాక కొంచెం కిందికి అతికేవాడు, అప్పుడు పువ్వు పైకి లేచి రెండూ సమంగా కనబడేవి. ఎంత నైపుణ్యంగా చేసేవాడంటే, నా చెవులు వంకరని మా అత్తారింట్లో ఎవరికీ తెలియదు. నేనూ చెప్పలేదు. అదే కొంప ముంచింది.

మా ఆడబిడ్డ నిశ్చితార్థానికి నా బుట్టలు పెట్టుకుంటానంది. ముచ్చటపడుతోంది కదా అని ఇచ్చాను, ఆ హడావిడిలో సంగతే మరిచిపోయాను. ఫోటో తీసేవాడు ముందు కెమెరా కింది స్టాండు సరిచేసుకున్నాడు, తర్వాత తన మెడ సరిచేసుకున్నాడు. చివరికి "అమ్మా, తల జర కుడికి వంచున్రి. ఇంక జర. ఆఁ, అట్లనే" అన్నాడు. అంతే, ఆ రోజు తీసిన ప్రతి ఫోటోలోనూ ఆమె తల ఒక పక్కకు ఒరిగే ఉంది. మగపెళ్లివాళ్లు గుసగుసలాడుకున్నారు. కాసేపటికి వాళ్ల తరఫున ఒక పెద్దమ్మ వచ్చి, ఆమె పక్కన ప్రేమగా కూర్చుని, "ఏం బిడ్డా, మెడ పట్టిందా? పుట్టుకతోనేనా?" అని అడిగింది. నేను స్టేజీ మీదకు పరిగెత్తి, నా రెండు చెవులూ చూపించి, అందరి ముందూ మా నాయన రైలెక్కిన కథంతా చెప్పాల్సి వచ్చింది. మగపెళ్లివాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. సంబంధం ఖాయమైంది. రైలెక్కిన మా నాయన కీర్తి వికారాబాద్‌కూ పాకింది.

ఆ కిందికున్న బెజ్జం ఎన్నాళ్లని బరువు మోస్తుంది? కొన్నేళ్ల కిందట బతుకమ్మ ఆడుతూ చప్పట్లు కొట్టి వంగితే, పక్కామె కొంగు కుచ్చులు నా బుట్టకు చిక్కుకున్నాయి. ఆమె అటు తిరిగింది, నేను ఇటు తిరిగాను, చెవి తమ్మె అంచు దాకా తెగింది. డాక్టరమ్మ కుట్లు వేసి, కొన్ని నెలలాగి ఈ కుట్టుకు దూరంగా కొత్త బెజ్జం వేయించుకోమంది. మిషన్‌తో తానే వేస్తానని కూడా అంది. ఈ మాట ఫోన్లో చెబితే అటువైపు మా అమ్మ గొంతు లేచింది.

"ఇంట్ల అవుసలి ఉండంగ మిషినేంది?"

అప్పటికి నాయన దుకాణం మూసేశాడు. కంటి ఆపరేషన్ అయ్యాక నగలు చెయ్యడం తగ్గించాడు గానీ, పిల్లలను తెస్తే చెవులు మాత్రం కుట్టేవాడు. చెయ్యి ఇంకా వణకలేదు. ఫోన్ నాయనకు ఇమ్మని, "నాయినా, కుడ్తవా?" అని అడిగాను. "రా బిడ్డా, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' వింటే నాకే భయమేసింది. ఈసారి కూడా చెయ్యి రాకపోతే ఆ మనిషి ఇక తలెత్తుకోలేడని నాకు తెలుసు. ఇంకోసారి అవకాశం రాదని ఆయనకూ తెలుసు.

నెలలు గడిచాక పొద్దున్నే రైలెక్కి తాండూరు పోయాను. వెళ్లేసరికి మా మేనమామ బషీరాబాద్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని ముందు గదిలో చాప మీద బాసింపట్టు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"కూసో కోడలా," అన్నాడు ఒళ్లు చూపిస్తూ.

"మామా, నాకు తల నెరిసింది!"

"నాకు నెరవలేదా? మేనమామ ఒళ్లె కుట్టాలె. రివాజు రివాజే."

నేను వికారాబాద్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే పంతులమ్మను. నా బరువు గురించి నాకు స్పష్టమైన అవగాహన ఉంది. అయినా కూర్చున్నాను. మామ "దేవరే!" అన్నాడు. కన్నడం మొదలైందంటే కష్టమొచ్చిందని అర్థం. నాకు నవ్వు పొంగుకొచ్చింది, పెదవులు బిగించి ఆపుకున్నాను.

నాయన కుంకుమ వేలితో నా ముందు కూర్చున్నాడు. ఎక్కడ కుట్టాలన్న దాని మీద ముందు ఒక పంచాయితీ నడిచింది. కుట్టు పక్కనే కిందికి వెయ్యమని అమ్మ, లేకుంటే బీరువాలో ఉన్న కమ్మలన్నీ వంకరపోతాయని ఆమె బాధ. నాయన వినలేదు.

"కమ్మలు కరగబోసి మల్ల చేస్త. చెవును కరగబోయరాదు," అని ఎడమదానికి సమంగా పైన చుక్క పెట్టాడు. ఆ మాట తర్వాత నిలబెట్టుకున్నాడు కూడా, ఇప్పుడు నేను పెట్టుకునేవన్నీ ఆయన మళ్లీ చేసినవే.

చుక్క పెట్టి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. ఆ చూపు చూడగానే నా పొట్టలో నుంచి నవ్వు తన్నుకొచ్చింది. కింద మామ "సాకు సాకు, ఇగ చాలు, కదలకు, మోకాలు పాయె!" అని మొత్తుకున్నాడు. దాంతో ఇంకా ఎక్కువైంది. నాయన తీగ దించాడు. ఆయన కళ్లు మెల్లగా వాకిలి వైపు పోయాయి. మా అమ్మ అది కనిపెట్టింది. లేచి పోయి తలుపు వేసి, గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"టేసన్‌కు పోతవా? పో, చూస్త," అంది.

ఇక ఒకటే మార్గం, నేను ఏడవాలి. "జర ఏడువవే, మీ నాయన చెయ్యి వస్తది" అని అమ్మ బతిమాలింది. మా అత్తగారు తిట్టిన తిట్లు గుర్తు చేసుకోమని మామ కింద నుంచి సలహా ఇచ్చాడు. గుర్తు చేసుకున్నాను, అవీ నవ్వే తెప్పించాయి. అమ్మ తలుపు వదిలి వచ్చి నా జబ్బ గట్టిగా గిల్లింది. నేను కెవ్వుమని, మళ్లీ నవ్వాను. ముసలి మామ, ముసలి ఒడి, తల నెరిసిన పిల్ల, ఏడిపించడానికి గిల్లే తల్లి. ఎవరికైనా ఎట్లా ఆగుతుంది? మామ కూడా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన ఊగితే ఆయన మీద నేనూ ఊగుతున్నాను.

నాయన మాత్రం నవ్వలేదు. నుదురంతా చెమట పట్టింది. తీగను పళ్లెంలో పెట్టేశాడు.

"నాతోని గాదు బిడ్డా. మిషిన్లనే కుట్టిచ్చుకో," అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. ఆయన లేవబోతుంటే మణికట్టు పట్టుకున్నాను. ఆ చేతిని అంత దగ్గరగా అంతకుముందెప్పుడూ చూడలేదు. వేళ్ల చివర్లన్నీ నిప్పు తగిలి నల్లబడ్డాయి. తీగ తీసి మళ్లీ ఆ వేళ్ల మధ్య పెట్టాను.

"నాయినా, నాకు ఏడుపు రాదు. నీ ముంగట ఎప్పుడు రాలే. నేను నవ్వుత, నవ్వంగనే కుట్టు," అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. చెవి వైపు కాదు, ముఖం వైపు. మామ మోకాళ్ల సంగతి మరిచిపోయాడు. నాయన దగ్గరగా జరిగి, ఎడమచేత్తో నా తమ్మె పట్టుకుని, అలవాటు కొద్దీ, ఇంకెవరికీ వినబడనంత మెల్లగా "అయిపాయె, ఇగ లే" అన్నాడు. అరిచే మాటను అట్లా గుసగుసగా అనేసరికి నాకు మళ్లీ నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే కుట్టాడు.

తీగను గుండ్రంగా చుట్టి, కొన లోపలికి మడిచి, వెనక్కి జరిగి చూసుకున్నాడు. సమంగానే ఉంది. అప్పుడు నాపరాయి మీద చతికిలబడి అడిగాడు.

"నొచ్చిందా?"

"లే నాయినా."

"నిజం చెప్పు."

"నిజం. ఏం తెల్వనే లే."

ఆయన తొడ చరిచి, "మరి గింతదానికా నేను చెప్పులు గూడ ఏసుకోకుండ ఉరికింది!" అని నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగిపోయేటట్టు, దగ్గు వచ్చేటట్టు, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. అమ్మ నవ్వింది, మామ నవ్వాడు, నేనూ నవ్వాను. నా చెవి మాత్రం నిప్పు పెట్టినట్టు మండిపోతోంది, దవడ దాకా సలుపుతోంది. కళ్లనుంచి బొటబొటా నీళ్లు కారిపోతున్నాయి. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లనుకుని నాయన తన భుజం మీది తువ్వాలతో నా చెంపలు తుడిచాడు.